పెత్రమాస నుంచి సద్దుల దాకా: పండుగ పూట పల్లె మిస్టరీ కథ రాయడం ఎలా?

"దయ్యాన్ని తెస్తే కూపీ లాగడానికి పని మిగలడం లేదు. కూపీ మీద దృష్టి పెడితే దయ్యం ఉత్తదైపోతోంది. రెండూ సరిచూసుకునేసరికి పండుగ ఎటో పోతోంది. ఎట్ల రాయాలి?" పల్లె కథలు రాసేవాళ్లు తిప్పితిప్పి అడిగే ప్రశ్న ఇదే. మూడింటినీ ఒక్క తాడుగా పేనే పద్ధతి ఇక్కడ ఉంది.

ఈ రకం కథను కోజీ మిస్టరీ అంటారు. నెత్తురు కనపడదు. కూపీ లాగేది పోలీసు కాదు, ఊరి మనిషే. ముడి విడిపోయాక కూడా అందరూ అదే ఊళ్లో కలిసి బతకాలి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

చెప్పే ప్రతి మెట్టూ అర్థం కావడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా నడిపిద్దాం. దేవరకొండ, కల్వకుర్తి నడుమ ఒక కల్పిత పల్లె. బతుకమ్మ పాట ఎత్తుకునే పెద్దవ్వ కిందటేడు చనిపోయింది. ఆమె ఇత్తడి తాంబాళంలోనే ఊరి పెద్ద బతుకమ్మను పేర్చడం ఆనవాయితీ. ఎంగిలిపూల రాత్రి, అంటే బతుకమ్మ మొదటి రోజు రాత్రి, చెరువుకట్ట మీద ఆ తాంబాళం మాయమైంది. ఆ రాత్రి నుంచే కట్టమీద పెద్దవ్వ గొంతుతో పాట వినబడుతోంది.

కావలసినవి

- కథ జరిగే ఏటి పంచాంగం. గోడ క్యాలెండరైనా సరే, తిథులు ఉండాలి.
- ఊరి పటం. చెరువు, కట్టమైసమ్మ గుడి, బస్సు ఆగే చోటు, కిరాణం, కల్లు కాంపౌండ్, వీధిదీపాలు ఉన్న చోట్లు, లేని చోట్లు. చేత్తో గీస్తే చాలు.
- 200 పేజీల నోటుబుక్కు. ఇది ఆధారాల పద్దు. పేజీకి నాలుగు గడులు గీయండి: ఆధారం, ఎక్కడ కనపడింది, అప్పుడు ఏమనిపించింది, అసలు సంగతి ఏంది.
- పూల పట్టిక. ఏ పువ్వు ఎక్కడ దొరుకుతుంది, ఎంతసేపు నిలుస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, కథ సగం దీనిమీదే నిలబడుతుంది.

1. పండుగ రోజులనే కథకు నిట్టాళ్లుగా నిలబెట్టండి

బతుకమ్మ తొమ్మిది రోజులకూ పేర్లున్నాయి: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. రోజుకో అధ్యాయం వేసుకుంటే తొమ్మిది. అధ్యాయానికి 2,000 నుంచి 2,500 మాటలు రాస్తే చిన్న నవల అవుతుంది. కథకే పరిమితమైతే మొదటి రోజు, ఆరో రోజు, తొమ్మిదో రోజు పట్టుకుని 4,000 మాటల్లో ముగించండి.

మొదటి రోజు, ఆరో రోజు ఎందుకంటే:

మొదటి రోజు మహాలయ అమావాస్య, మన పెత్రమాస. పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం ఆడవాళ్లు పూలు పేర్చి ఆడతారు. చనిపోయినవాళ్లను తలుచుకునే పూట, ఆట మొదలయ్యే పూట ఒక్కటే. ఆ లోకపు తాకిడి కోసం పాడుబడ్డ బంగళా వెతకనక్కర్లేదు, తిథే తలుపు తీసి పెడుతోంది. పొద్దున పెద్దవ్వ పేరున బియ్యం ఇచ్చినవాళ్లకే రాత్రికి కట్టమీద ఆమె గొంతు వినబడితే, ఆ గొంతు భయపెట్టదు. గుండె పట్టేస్తుంది. ఈ రకం కథకు కావలసింది అదే.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. కట్టమీదికి ఎవరూ రారు. తొమ్మిది రోజుల్లో ఊరు నిశ్శబ్దంగా ఉండే పూట అదొక్కటే. కథానాయిక ఒంటరిగా కట్ట ఎక్కడం, దాచిన వస్తువు చోటు మారడం, రాకూడని మనిషి రావడం ఆరో రోజుకే దాచి ఉంచండి. చాలామంది దీన్ని ఖాళీ రోజని దాటవేస్తారు. కథంతటికీ బలమైన పూటను చేజేతులా పోగొట్టుకున్నట్టే.

జాగ్రత్త: తిథి సాగితే రోజులు పెరుగుతాయి. 2025లో సెప్టెంబర్ 21న అమావాస్య, 30న దుర్గాష్టమి వచ్చాయి, అంటే పది రోజులు. ఆ ఏడు దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడింది. మందు దుకాణాలు బంద్. "దసరా నాడు వైన్స్ కాడ ఉన్న" అని ఆ ఏడు ఎవరైనా అంటే అబద్ధమే. మీరు తెలిసి రాస్తే అది ఆధారం, తెలియక రాస్తే తప్పు. కొన్ని ఊళ్లల్లో ఏడో రోజే సద్దులు చేస్తారు. మీరు రాసే ప్రాంతపు ఆనవాయితీ ముందు కనుక్కోండి.

వేరే పండుగ కావాలంటే: పాలమూరు వాళ్లకు కార్తీకంలో కురుమూర్తి జాతర ఉంది. స్వామి పాదుకలు ఊరేగే ఉద్దాల ఉత్సవం చుట్టూ కథ కట్టొచ్చు. కొల్లాపూర్ వైపు వాళ్లు ఉగాది ముందరి రోజులు తీసుకోండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు తగ్గి, మునిగిన ఊళ్ల ఆనవాళ్లు బయటపడే కాలం అది.

2. పోయే వస్తువు: ధర తక్కువ, పరువు ఎక్కువ

గుప్తనిధుల తవ్వకం మన జిల్లాల కథల్లో అరిగిపోయింది. పాత గుడికాడ దయ్యముందని పుకారు పుట్టించి రాత్రుళ్లు తవ్వే ముఠాను మూడో పేజీలోనే పాఠకుడు పట్టేస్తాడు. దాన్ని తప్పుదారి పట్టించే పుకారుగా వాడుకోండి, అసలు ముడిగా వద్దు.

తాంబాళాన్నే చూడండి. పాత ఇత్తడి సామాన్ల అడుగున చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించేవారు. పెళ్లిళ్లకు, పండుగలకు ఇంటింటికీ తిరిగే సామాను కాబట్టి కలిసిపోకుండా ఆ గుర్తు. మన తాంబాళం అడుగున ఉన్నది పెద్దవ్వ పేరు కాదు, ఆమె పెద్దబిడ్డ పేరు. ఇంట్లోవాళ్లకు ఇష్టంలేని పెళ్లి చేసుకుందని ముప్పై ఏండ్ల కింద ఆమెకు పుట్టింటి గడప మూసేశారు. "మాకు ఆడబిడ్డే లేదు" అని చెప్పుకుంటూ పెద్దమనిషిగా తిరుగుతున్న పెద్దకొడుకుకు ఆ పేరే ముల్లు. తల్లి బతికున్నన్నాళ్లు తాంబాళం ఆమె చేతిలోనే ఉంది, ఎవరూ తిరగేసి చూడలేదు. ఇప్పుడది పదిమంది చేతుల్లోకి వచ్చింది. అందుకే తీశాడు.

పుట్టింటికి ఆడబిడ్డలు వచ్చే పండుగ ఇది. అంటే నేరానికి కారణం పండుగలోంచే పుట్టింది. మీ కథలో నేరాన్ని ఇంకో నెలకు మార్చినా నడుస్తుందంటే వస్తువును మార్చండి.

3. కూపీ లాగే మనిషిని పనిని బట్టి ఎంచండి

తెలివిని చూసి కాదు, పండుగ పూట ఊరంతా ఎవరి గడప తొక్కుతుందో చూసి ఎంచండి. మిషన్ కుట్టే ఆమె అందరికంటే నప్పుతుంది. సద్దులలోపు జాకెట్లు కావాలని ప్రతి ఇల్లూ వస్తుంది. ఎవరికి కొత్త చీర వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరు అదనంగా ఒక జాకెట్ కుట్టమన్నారు, అన్నీ ఆమెకు ఎరుకే. పైగా సద్దులలోపు బట్టలు అప్పజెప్పాలన్న తొందర కథకు దానంతటదే గడువు పెడుతుంది. అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్, కిరాణం నడిపే ముసలాయన కూడా పనికొస్తారు. హైదరాబాద్ నుంచి సెలవుకు దిగిన కుర్రాడు మాత్రం వద్దు. అతనికి ఊరు తెలియదు, మీరు ప్రతిదీ అతనికి వివరించుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

4. అనుమానితులు నలుగురు చాలు

ఐదుగురు దాటితే వరసలు కలిసిపోతాయి. ప్రతి ఒక్కరికీ దొంగతనంతో సంబంధం లేని ఒక దాపరికం ఉండాలి. మన కథలో చిన్నకోడలు తాకట్టు విడిపించలేక ఆ సంగతి దాస్తోంది, కొత్తగా వచ్చిన పాత ఇనుప సామాన్లాయన బిల్లు లేకుండా ఇత్తడి కొంటున్నాడు, గుడి పూజారి హుండీ తాళం పోగొట్టుకున్నాడు. పెద్దకొడుకు మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ అమావాస్య రాత్రి నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టులో నిద్ర చేసి వచ్చానని అంటాడు. జడల రామలింగేశ్వరుని సన్నిధిలో అమావాస్య నిద్రకు ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. ఆ గుంపులో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పడం కష్టం. అబద్ధానికి అంత అనువైన చోటు, ఆ రోజుకు అంత సహజమైన చోటు ఇంకోటి లేదు.

5. ఆ లోకపు తాకిడికి ముందే హద్దులు గీయండి

ఎక్కువ కథలు చెడేది ఈ మెట్టు మీదే. రాయడం మొదలుపెట్టకముందే పద్దు మొదటి పేజీలో ఈ మూడూ రాసుకోండి.

ఎప్పుడు, ఎక్కడ: పెత్రమాస నుంచి సద్దుల దాకే. చెరువుకట్ట మీదే. గొంతు మాత్రమే, రూపం లేదు.

ఏం చెయ్యగలదు: ప్రశ్న వెయ్యగలదు, జవాబు చెప్పలేదు. మన కథలో పెద్దవ్వ పాట ప్రతిసారీ ఒక్కచోటే ఆగిపోతుంది, ఇంటి ఆడబిడ్డల పేర్లు వరుసగా చెప్పేకాడ. దొంగ ఎవరో చెప్పదు, తాంబాళం ఎక్కడుందో చెప్పదు. "ఈ ఇంటికి ఆడబిడ్డలెందరు?" అన్న ప్రశ్న మాత్రం మిషన్ కుట్టే ఆమె మనసులో పడుతుంది.

ఎన్నిసార్లు: మూడే. మన కథలో మొదటి రాత్రి, మూడో రాత్రి, ఆరో రాత్రి. నాలుగోసారి వస్తే అలవాటైపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మూడుసార్లలో రెండింటికి లెక్క తేలాలి, ఒకదానికి తేలకూడదు. ఆ పెద్దబిడ్డ ఎంగిలిపూల నాడు, అలిగిన బతుకమ్మ నాడు దొంగచాటుగా వచ్చి కట్ట చివర నిలబడి తల్లి పాట పాడుకుంది. గొంతు తల్లిదే వచ్చింది. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది కదా, ఆమె సంచిలో ఆ రెండు రోజుల జీరో టికెట్లున్నాయి. మూడో రాత్రిది మాత్రం లేదు. ఆ రాత్రి ఆమె కల్వకుర్తిలోనే ఉందని ఇరుగుపొరుగు చెబుతారు. మరి పాడిందెవరు?

లెక్క తేలనిది నడిమిదే కావాలి. మొదటిదైతే పాఠకుడు మరిచిపోతాడు. చివరిదైతే ముడి విప్పడం చేతకాక దయ్యం మీదికి తోసినట్టుంటుంది.

వివరణ దొరికితే వింత చచ్చిపోతుందని భయపడకండి. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పడే స్తంభపు నీడ పగలంతా కదలదు. స్తంభాల అమరిక, వాటి నడుమ నుంచి వచ్చే వెలుతురే కారణమని తెలిసినవాళ్లు కూడా ఆ గర్భగుడి ముందు మాట రాక నిలబడతారు.

హెచ్చరిక: బాణామతి, చేతబడి జోలికి వెళ్లకండి. ఆ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. హాయిగా చదువుకునే కథకు దాన్ని దినుసుగా వాడటం తప్పు. ఒకవేళ ఊళ్లో ఆ పుకారు పుట్టినట్టు రాస్తే, ఆ నింద పడ్డ మనిషి పక్షాన కథ గట్టిగా నిలబడాలి. శివసత్తుల పూనకాన్ని నవ్వులాటగానూ రాయొద్దు.

6. ఆధారాలు: చీకటి, పూలు, రంగు, ఫోన్

నిజమైన ఆధారాలు ఐదు, తప్పుదారివి రెండు. ప్రతి నిజమైన ఆధారం ముడి విడిపోకముందు కనీసం రెండుసార్లు కంటబడాలి, రెండోసారి వేరే పని మీద.

చంద్రుడు. మొదటి రోజు అమావాస్య, వెన్నెల అన్న మాటే ఉండకూడదు. తర్వాత చంద్రుడు రోజుకు సుమారు ముప్పావు గంట ఆలస్యంగా అస్తమిస్తాడు. ఆరో రోజు పంచమి కాబట్టి రాత్రి పది అటూ ఇటూ దాకా ఉంటాడు. సద్దుల నాడు అష్టమి, అర్ధరాత్రి దాకా సగం చంద్రుడు. "ఎంగిలిపూల నాడు వెన్నెల్ల చూసిన" అన్న సాక్షి అబద్ధం ఆడినట్టే.

పూలు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కితే ముడుచుకుంటుంది. తంగేడు మర్నాటికి వాడుతుంది. గునుగు ఎండినా రూపు చెడదు, రోజుల తరబడి నిలుస్తుంది. చెలకల్లో, జొన్న, కంది చేన్లల్లో గునుగు, బీడు భూముల్లో, గుట్టల వెంట తంగేడు. ఎవరు ఎటు వెళ్లి వచ్చారో ఒడిలోని పూలే చెబుతాయి.

రంగు. గునుగు కుచ్చులను వేడినీళ్లలో కలిపిన రంగులో ముంచి ఆరబెడతారు. ఆ రంగు వేళ్లకు, బట్టకు పట్టుకుంటే సులువుగా వదలదు. మన కథకు కీలకం ఇదే. ఊరి బతుకమ్మ కోసం ఊదారంగును అంగన్‌వాడీ టీచరమ్మ ఆ మధ్యాహ్నమే కలిపింది, వేరే ఇంట్లో ఎక్కడా లేదు. పూలను నీళ్లలోకి జారవిడిచాక ఖాళీ తాంబాళానికి తడి గునుగు ముక్కలు అంటుకుని ఉంటాయి. దాన్ని తువ్వాలలో చుట్టి తీసుకెళ్లినవాడి తువ్వాల మీద ఊదా మరకలు. ఆ రాత్రి చెర్వుగట్టులో ఉన్నవాడి తువ్వాలకు ఊదారంగు ఎక్కడిది? మొదటిసారి ఆ తువ్వాల గోడమీద ఆరేసి కనపడాలి, రెండోసారి అతని భుజం మీద, ఇంకేదో మాట నడుస్తుండగా.

ఫోన్. ఎవరో ఆట వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు. వెనకాల నీళ్లు కారడానికి బోర్లించిన తాంబాళం, అడుగున రెండు అక్షరాలు. ఆ కాస్త చాలు. చౌరస్తాలో సీసీ కెమెరా ఉంటే అది రోడ్డును చూస్తుంది, కట్టను కాదు అని ఒక్క వాక్యంలో తేల్చేయండి. అసలు ప్రస్తావించకపోతే పాఠకుడు అడుగుతాడు.

7. మాట

కథనం మీకు నచ్చిన భాషలో రాయండి, సంభాషణ మాత్రం ఆ ఊరిదే కావాలి. యాసను నవ్వు కోసం వాడకండి. వరసలు తప్పనివ్వకండి. కూపీ కూడా వరసలోనే సాగాలి:

"పెద్దనాయిన, చెర్వుగట్టుకు ఎప్పుడు వోయిన్రు?"

"పొద్దూకంగనే వోయిన బిడ్డా. ఎందుకడుగుతున్నవ్?"

"ఏం లేదు. ఆ తువ్వాల ఇయ్యరాదు, అంచు ఊడింది, కుట్టిస్త."

ప్రశ్న ఒకటి, పట్టుకున్నది ఇంకొకటి. గదిలో కూర్చోబెట్టి నిలదీస్తే కథ పోలీస్ స్టేషన్‌కు వెళ్లిపోతుంది.

బతుకమ్మ పాట కావాలంటే సొంతంగా కట్టుకోండి. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనో చందమామ అనో అందుకుంటారు, ఆ నడక పట్టుకుంటే చాలు. ఉన్న పాటలో మాట మారిస్తే తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

8. పోలీసు, చట్టం

ఎస్సైని తెలివితక్కువవాడిగా చూపకండి. పండుగ బందోబస్తులో తీరిక లేదు, అంతే. కథ 2024 జూలై 1 తర్వాత జరిగితే భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. 303 సెక్షన్ ప్రకారం పోయిన సొత్తు 5,000 రూపాయల లోపుదై, మొదటిసారి శిక్ష పడినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షగా ఉంటుంది. ఇత్తడి తాంబాళం ఆ లెక్కలోకి వస్తుంది, ముగింపు మెత్తగా ఉండే వీలుంది. అదే గుడిలోని విగ్రహం పోతే 305 సెక్షన్, ఏడేండ్ల దాకా శిక్ష. అప్పుడు కథ బరువు మారిపోతుంది. వస్తువును ఎంచేటప్పుడే ఇది చూసుకోండి. అంతకుముందటి కాలం కథైతే పాత శిక్షాస్మృతిలోని 379.

తరచూ జరిగే తప్పులు

బతుకమ్మ అంటే ఏమిటో రెండు పేజీలు వివరించడం. చదివేవాళ్లకు తెలుసు. తెలియనివాళ్లకు పేర్చే చేతులు చూపిస్తే అర్థమవుతుంది.

చివర్లో దయ్యం దొంగ ముందు నిలబడటం, దొంగ వణికి ఒప్పుకోవడం. అప్పటిదాకా మిషన్ కుట్టే ఆమె పడ్డ కష్టమంతా వృథా.

దొంగను దుర్మార్గుడిగా వెళ్లగొట్టడం. అతను రేపు జమ్మి ఆకు పట్టుకుని అందరి గడపకూ రావాలి. ఎవరు తీసుకుంటారు, ఎవరు మొహం తిప్పుకుంటారు అన్నది అసలు ముగింపు. దానికి కనీసం ఒక పేజీ ఉంచండి.

సరిచూసుకోవడం

మొదటి పరీక్ష: పాట వినబడే మూడు ఘట్టాలనూ పక్కన పెట్టి మిగతాది చదవండి. దొంగ దొరకకపోతే, దయ్యమే కూపీ లాగుతోందని అర్థం, ఐదో మెట్టుకు వెళ్లండి. దొంగ దొరికి, కథలో ఏ లోటూ కనపడకపోతే, దయ్యం అలంకారంగా మిగిలింది. దొంగ దొరకాలి, కానీ ఆ పెద్దబిడ్డ సద్దుల నాడు పుట్టింటి గడప ఎందుకు తొక్కిందో అర్థం కాకుండా పోవాలి. అప్పుడు సరిగ్గా కుదిరినట్టు.

రెండోది: ముగ్గురికి ఆరో అధ్యాయం దాకా ఇచ్చి, దొంగ పేరు చీటీ మీద రాయమనండి. ముగ్గురూ కనిపెడితే తువ్వాలను ఇంకా వెనక్కి నెట్టండి. ఒక్కరూ కనిపెట్టకపోతే చివరిదాకా చదివించి "ముందే తెలియాల్సింది" అన్నారో లేదో చూడండి. అనకపోతే ఆధారాలు చాలలేదు. ఒక్కరు కనిపెట్టి ఇద్దరు తప్పితే అలాగే వదిలేయండి.

మూడోది పద్దు పరీక్ష. నాలుగో గడి ఖాళీగా ఉన్న వరసలు లెక్కపెట్టండి. ఒక్కటే ఉండాలి, మూడో రాత్రి పాట.

ఆ ఒక్కదాన్ని నింపాలని రాసేటప్పుడు చెయ్యి లాగుతుంది. చివరి అధ్యాయంలో పెద్దబిడ్డ చేతికి తాంబాళం ఇచ్చి, మిషన్ కుట్టే ఆమెతో ఒక్క ప్రశ్న అడిగించండి: "ముద్దపప్పు నాడు రాత్రి కూడా నువ్వే వచ్చినవా అక్కా?" ఆమె లేదన్నట్టు తల ఊపి, తాంబాళం తిరగేసి, తన పేరు మీది తడి తుడుచుకోవాలి. అక్కడ ఆపేయండి.